పదహారు మెట్ల అప్పగింత

పిచ్చమ్మకి మనవరాలి పెళ్ళిలో ఉన్న బెంగ ఒక్కటే. వంటల గురించి కాదు, నగల గురించి కాదు, వాన గురించి అసలే కాదు. నరసరావుపేటలో వైశాఖమాసంలో వాన పడితే జనం పెళ్ళి వదిలేసి రోడ్డు మీదికొచ్చి తడుస్తారు తప్ప ఒక్కరూ తిట్టుకోరు. ఆవిడ బెంగల్లా అప్పగింతలప్పుడు పిల్ల ఏడుస్తుందా, ఏడవదా అని.

ఏడవడానికి కారణమంటూ ఒకటి ఉండాలి కదా. ప్రవల్లిక అత్తవారింటికి వెళ్ళడమంటే కింది వాటాలోంచి పై వాటాలోకి వెళ్ళడం. మధ్యలో పదహారు మెట్లు, ఒక మలుపు, ఆ మలుపులో ఎవరూ నీళ్ళు పొయ్యని గులాబీ కుండీ. పై వాటాలో పంతొమ్మిదేళ్ళుగా అద్దెకుంటున్న అనసూయ కొడుకు వంశీధరే పెళ్ళికొడుకు. ఇద్దరూ ఆ మెట్ల మీదే ఎక్కాలు వల్లించారు, ఆ మెట్ల మీదే జుట్టూజుట్టూ పట్టుకుని కొట్టుకున్నారు. ఆ తరవాత కూడా ఆ మెట్ల మీదే ఏదో జరిగే ఉంటుంది. అప్పటికి పిచ్చమ్మ కళ్ళకి శుక్లాలొచ్చి ఏమీ కనపడలేదు. ఆపరేషన్ చేయించుకుని కట్టు విప్పేసరికి వ్యవహారం పెళ్ళి మాటల దాకా వచ్చేసింది.

ముహూర్తం పెట్టుకున్న రోజు నుంచి ఇంట్లో మర్యాదలు తలకిందులయ్యాయి. అంతకుముందు నీళ్ళ ట్యాంకు పొంగితే పిచ్చమ్మ కొడుకు వీరభద్రం వాకిట్లో నిలబడి, "ఎవరయ్యా పైన? మోటారు ఆపండి! మీ తాత తవ్వించిన కాలవలోంచి వస్తన్నాయా నీళ్ళు?" అని అరిచేవాడు. ఇప్పుడు వాళ్ళు మగపెళ్ళివారు. పిట్టగోడ మీదనుంచి నీళ్ళు ధారగా తన నెత్తినే పడుతున్నా, "బావగారూ, తమరి టిఫిన్ అయ్యాక, వీలు చూసుకుని..." అని కిందనుంచి అనసూయ మొగుడికేసి చూస్తూ చేతులు నలుపుకుంటున్నాడు.

ఇంతకీ ఏడుపు సంగతి.

పిచ్చమ్మ తన అప్పగింతల్లో ఏడవలేదు. యాభై ఏడేళ్ళ కిందటి మాట. అప్పుడావిడకి పదహారేళ్ళు. తొమ్మిదిమంది పిల్లల్లో ఆరోది, ఎవరికీ సరిగ్గా గుర్తుండనిది. మగపెళ్ళివారు బాడుగ బస్సు కట్టించుకుని తరలివచ్చారు. ఆ పిల్ల అంతవరకూ బస్సు ఎక్కలేదు, బస్సు లేపిన దుమ్ము మాత్రం చాలాసార్లు మింగింది. పాలలో చేతులు ముంచి అత్తగారి చేతుల్లో పెడుతుంటే తల్లి కూలబడింది, పిన్నమ్మలు రాగాలు తీశారు, సన్నాయి ఊదేవాడు కూడా ఊదడం ఆపి కళ్ళు తుడుచుకున్నాడు. పిచ్చమ్మ చూపు మాత్రం బస్సు మీదనుంచి కదల్లేదు. కోడలిగా అత్తగారితో మాట్లాడిన మొట్టమొదటి మాట, "నేను కిటికీ పక్కన కూచోనా?"

అంతే. ఆ ఒక్క మాట పట్టుకుని అత్తగారు చచ్చేదాకా బతికింది. గేదె వట్టిపోతే, "ఏడవకుండా గడప దాటి వచ్చిందిగా, పాలెట్టా నిలుస్తాయి?" అంది. మామగారు కల్లంలో జారి కాలు విరగ్గొట్టుకుంటే, "పుట్టింట్లో ఏడవాల్సిన ఏడుపు తెచ్చి మన నెత్తిన దించింది" అంది. ఆయన కల్లు తాగి జారాడని ఊళ్ళో కుక్కలకి కూడా తెలుసు. అత్తగారు పోయాక ఆ మాట ఆడపడుచు సీతారావమ్మకి వాటాలో వచ్చింది. ఏ పేరంటమైనా, ఏ పెద్దకర్మైనా, సీతారావమ్మ విస్తరి ముందు కూచుని, "మా వదినది రాతి గుండెలే. అప్పగింతల్లో కన్ను తడవలా" అననిదే పెరుగన్నంలోకి రాదు. మొగుడు పోయిన రోజున పిచ్చమ్మ నేల మీద పడి దొర్లి దొర్లి ఏడ్చింది. అప్పుడు కూడా సీతారావమ్మ ముక్కు చీదుకుంటూ, "ఈ ఏడుపేదో ఆ రోజే ఏడ్చుంటే మా అన్నయ్య ఇంకో పదేళ్ళుండేవాడు" అంది.

మనవరాలికి ఆ గతి పట్టకూడదని పిచ్చమ్మ పంతం పట్టింది. పెళ్ళి పది రోజులుందనగా, మధ్యాహ్నం పూట గది తలుపేసి పిల్లకి ఏడుపు నేర్పడం మొదలుపెట్టింది.

"మీ అమ్మని తలుచుకోవే."

"అమ్మ వంటింట్లోనే ఉందిగా నాయనమ్మా. సొరకాయ పప్పు చేస్తంది. ఆ పప్పు తలుచుకుంటే కొంచెం ఏడుపొచ్చేట్టుంది."

"పోనీ నన్ను తలుచుకో. రేపో మాపో పోతా."

"ఎక్కడికి?"

"ఎక్కడికేందే, పైకి!"

"పైకి పోయేది నేను నాయనమ్మా," అని ప్రవల్లిక మంచం మీద పడి దొర్లింది.

"నవ్వు, నవ్వు. రేపు తెలుస్తది. ఏడుపంటే ఉత్త కళ్ళనీళ్ళు కాదే, దానికో వరసుంది. ముందు కింది పెదవి అదరాలి. తరవాత మీ అమ్మ మెడ మీద పడాలి. అక్కడ కాసేపు మాట రాకూడదు. అప్పుడు తలెత్తి మీ నాన్నని చూసి, 'నాన్నా, వేళకి మందులేసుకో' అనాలి. ఆ మాటతో హాల్లో ఒక్క కన్ను పొడిగా ఉండదు. మా పెద్దక్క అట్టా ఏడిస్తే మగపెళ్ళివారు జడుసుకుని, పిల్లని ఇక్కడే వదిలేసి పోదామా అనుకున్నారు."

"నాన్నకి మందులేం లేవుగా?"

"లేకపోతే ఏందీ, అను. ఎవరు చూడొచ్చారు?"

పిల్ల తలుపు తీసుకుని చక్కా మెట్లెక్కి పోయింది. అరగంటకి అనసూయ పెట్టిన చింతకాయ పచ్చడి వేళ్ళకి అంటించుకుని, నాక్కుంటూ దిగింది. కాబోయే అత్తగారింట్లో వేళ్ళు నాక్కుంటూ తిరిగే పిల్లని ఏ సన్నాయి ఏడిపిస్తుంది?

ఇక దీంతో లాభం లేదని పిచ్చమ్మ తలగడ గలీబులోంచి ముక్కుపొడి డబ్బా తీసింది. ఉతికి మడతపెట్టిన తెల్ల రుమాల్లో రెండు చిటికెలు గట్టిగా రుద్దింది. నమ్మకం చాలక, పైన తలనొప్పి మందు వేలితో పులిమింది. పెళ్ళినాడు ఆ రుమాలు రొంటిన దోపుకుంది. 'చెమట పట్టిందే తల్లీ' అని పిల్ల మొహం ఒక్కసారి తుడిస్తే చాలు, మిగతా కథ రుమాలే నడుపుతుంది.

పెళ్ళి పొద్దున పది నలభైకి జరిగింది. భోజనాలయ్యాక మూడింటికి అప్పగింతలు. కల్యాణమండపంలో పళ్ళెం నిండా పాలు పోశారు. పిల్ల ఒళ్ళో బియ్యం పోశారు. సన్నాయి అప్పగింతల పాట ఎత్తుకుంది. వీడియో ఆయన దీపం పెద్దది చేసి పెళ్ళికూతురి మొహం మీదికి తిప్పాడు. సీతారావమ్మ ముందు వరసలో కుర్చీ వేయించుకుని, కళ్ళద్దాలు కొంగుతో తుడిచి పెట్టుకుని, సినిమాకొచ్చినట్టు కూచుంది.

వీరభద్రం కూతురి చేతులు పాలలో ముంచి, దగ్గి సర్దుకున్నాడు. తల్లి కోమలి కొంగు నోట్లో కుక్కుకుంది. ప్రవల్లిక మాత్రం పెళ్ళికొడుక్కి కళ్ళతో ఏదో సైగ చేస్తోంది.

"చూడు, చూడు," అని సీతారావమ్మ పక్కావిడ్ని పొడిచింది. "అచ్చం నాయనమ్మే."

పిచ్చమ్మ లేచింది. "చెమట పట్టిందే తల్లీ," అంటూ రుమాలు తీసి చెయ్యి చాపింది.

పాపం, అనసూయ పొద్దుటి నుంచీ పట్టుచీరలో ఉడికిపోతోంది. కోడలి చేతులు అందుకున్న రెండు చేతులా పాలు కారుతున్నాయి. నుదుటి చెమట కళ్ళల్లోకి దిగుతోంది. ఎదురుగా తెల్లటి రుమాలు కనపడేసరికి పంతొమ్మిదేళ్ళ చనువుకొద్దీ, "ఇట్టా ఇవ్వండి పెద్దమ్మగారూ" అని లాక్కుని, మొహమూ ముక్కూ కళ్ళూ కలిపి రుద్దేసుకుంది.

పిచ్చమ్మ మళ్ళీ లాక్కోబోయింది గానీ అందలేదు.

అనసూయకి తుమ్ము వచ్చింది.

సన్నాయి ఆగిపోయింది. శుభకార్యంలో ఒంటి తుమ్ము. అదీ పిల్లని చేతుల్లో పెడుతున్న క్షణాన. అదీ అత్తగారి ముక్కులోంచి. ముసలమ్మలు గుండెల మీద చేతులేసుకున్నారు. పురోహితుడు చెయ్యెత్తి, "కంగారు పడకండి. ఇంకోటి రానివ్వండి. జంట తుమ్మైతే దోషం లేదు" అన్నాడు.

రెండోది వచ్చింది. అందరూ ఊపిరి వదిలారు. సన్నాయివాడు బుగ్గలు నింపుకున్నాడు. మూడోది వచ్చింది.

"మళ్ళీ బేసి!" అన్నారెవరో వెనకనుంచి.

ఇక అక్కణ్ణుంచి హాలు హాలంతా లెక్కపెట్టడమే పని. నాలుగు. ఐదు. వంటవాళ్ళు గరిటెలతో సహా వచ్చి నిలబడ్డారు. ఆరు, ఏడు. అనసూయ కళ్ళ కాటుక బుగ్గల మీదికి, బుగ్గల మీదినుంచి పట్టుచీర మీదికి దిగింది.

"ఎనిమిది! ఆపు తల్లీ, అక్కడ ఆపేయ్," అని పురోహితుడు బతిమాలాడు.

"ఎనిమిది శనిది పంతులుగారూ, ఇంకో రెండు కానివ్వండి," అంది ఒకావిడ.

తొమ్మిది, పది. అందరూ అనసూయ మూతి వైపు చేతులు చాపి ఆపినంత పని చేశారు. పదకొండు వచ్చింది. పదకొండు దగ్గర ఆగిపోయింది.

అనసూయ తల వెనక్కి వాల్చి, కళ్ళు మూసుకుని, ముక్కు పుటాలు విప్పార్చి, పన్నెండో దాని కోసం శాయశక్తులా ప్రయత్నించింది. మూడు వందలమంది ఆ ముక్కుకేసి దేవుణ్ణి చూసినట్టు చూశారు. రాలేదు.

అప్పుడు నవ్వింది ప్రవల్లిక. ముసిముసి నవ్వూ కాదు, చేతులడ్డం పెట్టుకున్న నవ్వూ కాదు. ఒళ్ళో బియ్యం నేలపాలయ్యేట్టు, బాసికం ఊడి చెవి మీదికి జారేట్టు, పడీ పడీ నవ్వింది. పక్కనున్న పెళ్ళికొడుక్కి కూడా అంటుకుంది.

"మేడమ్, ఏడుపు రాలేదు," అన్నాడు వీడియో ఆయన. "చేతులు ఇంకోసారి పాలలో ముంచితే దగ్గర నుంచి తీసుకుంటా."

పిచ్చమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది. తను అడిగిన కిటికీ దీని ముందు ఏపాటి? ఇది అత్తగారి ముక్కు చూసి అప్పగింతల్లో విరగబడి నవ్వింది. ఇంక పైన గ్లాసు పగిలినా, గ్యాసు అయిపోయినా, మొగుడికి జ్వరమొచ్చినా ఈ నవ్వు మాటే తీస్తారు. ఇది ముసలిదయ్యేదాకా తీస్తారు.

సీతారావమ్మ కుర్చీలోంచి లేచింది. "బాగుంది! నాయనమ్మ ఏడవలేదు, మనవరాలు నవ్వింది. దీని మనవరాలు ఏకంగా ఈలేస్తది."

"పిల్లనేం అనమాక సీతా," అంది పిచ్చమ్మ. "రుమాలు నాది. అందులో ముక్కుపొడి పెట్టింది నేను."

వంటవాళ్ళు గరిటెలు దించారు.

"ముక్కుపొడా?" అంది అనసూయ, ఎర్రటి ముక్కుతో.

"నీ కోసం కాదమ్మాయ్, దాని కోసం. ఏడవకుండా నీ గడప తొక్కితే రేపు నువ్వు అంటావని. నన్ను యాభై ఏడేళ్ళు అన్నారు. ఇంకా అంటానే ఉన్నారు. దాన్ని అనకూడదని."

అనసూయ పీట మీద కూలబడి, పాల చేతులు చీరకే తుడిచేసుకుంది. "నేను ఏడ్చానండీ పెద్దమ్మగారూ."

"ఇప్పుడా? చూశాగా."

"ఇప్పుడు కాదు, నా అప్పగింతల్లో. మా ఊర్నించి పేట దాకా ట్రాక్టర్లో, దారి పొడుగూతా ఆపకుండా ఏడ్చా. పొలాల్లో జనం నడుములెత్తి చూశారు, ఎవరు పోయారోనని. మా అత్త ఏమందో తెలుసా? 'ఏడుస్తా వచ్చింది, ఏడుపు మూట తెచ్చి మన నట్టింట్లో దించింది' అంది. పోయేదాకా అంది. ఇంట్లో ఎవరికి జలుబు చేసినా నా ఏడుపు వల్లే చేసేది."

పిచ్చమ్మ ముక్కు మీద వేలేసుకుంది. ఏడ్చినా ఇంతేనా? మరి ఇన్నేళ్ళూ తను, ఒక్క చుక్క రాలి ఉంటే అంతా బాగుండేదని పడుకున్నప్పుడల్లా అనుకుందే! ఆ చుక్క రాలినా గేదె వట్టిపోయేదే, మామగారు తాగేవాడే, ఆ మాట ఇంకో రూపంలో వచ్చేదే.

"మరి ఎంత ఏడవాలంట?" అంది.

"వాళ్ళకీ తెలవదు," అంది అనసూయ.

పిచ్చమ్మ ఆడపడుచు వైపు తిరిగింది. యాభై ఏడేళ్ళలో ఎప్పుడూ అడగని మాట అడిగింది. "సీతా, ఆ రోజు నీకు పన్నెండేళ్ళు. నేను ఏడవకపోతే నీకేం పోయిందే?"

సీతారావమ్మ కింది పెదవి అదిరింది.

"ఆ కిటికీ సీటు నాది," అంది. "పొయ్యేటప్పుడు నేనే కూచున్నా. వచ్చేటప్పుడు నువ్వు అడిగావు, మా అమ్మ నన్ను లేపేసింది. డ్రైవరు పక్కన ఇంజను డబ్బా మీద కూచోబెట్టారు. ఊరొచ్చేదాకా కూచునే చోటంతా మాడింది. ఎవరన్నా అడిగారా నన్ను?" అంటూ అరవై తొమ్మిదేళ్ళ మనిషి, మూడు వందలమందిలో, బావురుమంది. పిచ్చమ్మ మెడ మీద పడింది. అక్కడ కాసేపు మాట రాలేదు.

వీడియో ఆయన ఇంత మంచి ఏడుపు వదులుకుంటాడా? దీపం అటు తిప్పేశాడు. ఆ పెళ్ళి వీడియోలో అప్పగింతల ఏడుపంటూ గట్టిగా ఉన్నది అదొక్కటే.

"పదకొండంటే ఏకాదశ రుద్రులు," అని పురోహితుడు గబగబా సంచి సర్దుకున్నాడు. "మహా శుభం. నాలుగింటికి నాకు ఇంకో పెళ్ళుంది."

పూలు కట్టిన కారు పేటంతా ఒక చుట్టు చుట్టి, బయల్దేరిన గేటు ముందే ఆగింది. మూడు రోజులు గడిచేదాకా పిల్ల పుట్టింటి గడప తొక్కకూడదని ఆచారం. దాని పళ్ళ బ్రష్షూ, ఫోను చార్జరూ, రాత్రి వేసుకునే బట్టలూ అన్నీ కిందే ఉండిపోయాయి. పైనుంచి తాడుకు కట్టి పూల సజ్జ దింపింది. కోమలి అందులో అన్నీ సర్ది, పైన రెండు సున్నుండలు పెట్టి పంపింది. గంటకోసారి సజ్జ దిగుతూనే ఉంది.

పిచ్చమ్మకి మాత్రం బెంగ పూర్తిగా తీరలేదు. కల్యాణమండపంలో మంచితనం ఎవరికైనా ఉంటుంది. వంటింట్లో ఉంటుందా అన్నది సంగతి. అందుకని మర్నాడు పొద్దున్నే చింతచిగురు చేటలో పోసుకుని, సరిగ్గా పై వంటింటి కిటికీ కింద పీట వేసుకుని కూచుంది. పుల్లలు ఏరుతోంది గానీ చెవులు మాత్రం పైనే ఉన్నాయి.

పదింటికి పైన ధబాలుమని చప్పుడైంది. గిన్నె దొర్లుకుంటూ గోడకి కొట్టుకుంది.

పిచ్చమ్మ చేతిలో చిగురు చేతిలోనే ఆగింది. ఇదీ పరీక్ష. ఇప్పుడు అనాలి, అంటే ఇప్పుడే అంటుంది.

"అయ్యో, అయ్యో, చారంతా నేలపాలు!" అనసూయ గొంతు. "పట్టకారు ఎదురుగా పెట్టుకుని ఉత్త చేత్తో దింపుతారంటే? ఏదీ, చెయ్యి చూపించు. కాలలేదుగా?"

"లేదు ఆంటీ... అత్తయ్యా."

"కాలకపోతే ఆ గుడ్డ అందుకో. ముందు తుడువు."

తుడుస్తున్న చప్పుడు. ఆ వచ్చే మాట పిచ్చమ్మకి తెలుసు. దాని నడక తెలుసు. ముందు ఒక నిట్టూర్పు వస్తుంది, తరవాత 'అయినా' అని వస్తుంది.

పైన అనసూయ నిట్టూర్చింది.

"అయినా," అంది, "మీ అమ్మ నీకు పట్టకారు పట్టడం కూడా నేర్పలేదేందే?"

లోపల కోమలి గిన్నె కింద పెట్టి, కొంగు బిగించి వాకిట్లోకి వచ్చింది. "విన్నారా అత్తయ్యా? నన్నంటంది! మొదటి రోజే!"

"నిన్నేగా అంది, కూచో," అంది పిచ్చమ్మ. మొహం చేటంతైంది. పట్టకారు గురించి అంది, పిల్ల తల్లిని అంది, కింద ఒలికిన చారు గురించి అంది. అప్పగింతల మాట ఎత్తలేదు. ఇది మామూలు తిట్టు. బంగారం లాంటి తిట్టు. ఇట్లాంటి తిట్లు తినే కదా ప్రపంచంలో ఆడపిల్లలు బాగుపడేది, చెడేది.

ఆవిడ మెడెత్తి కిటికీలోకి కేకేసింది.

"అమ్మాయ్ అనసూయా! ఇంకో రెండు తగిలించు. దానికి చెవులు మందం!"